బెర్గెన్‌లో ఏం చూడాలి, ఏం కొనాలి: ఎండు చేపల గోదాముల నుంచి ఉన్ని స్వెట్టర్ దాకా

నార్వే పడమటి తీరంలో ఉన్న బెర్గెన్‌కు వెళ్లినవాళ్లంతా తెచ్చుకునే ఫొటో ఒకటే. నీళ్ల ఒడ్డున ఒకదాని భుజానికి ఒకటి ఆనుకుని నిలబడ్డ చెక్క ఇళ్లు, ఎరుపు, పసుపు, తెలుపు రంగులు, కోసుగా లేచిన కప్పులు. ఆ ఇళ్ల వరస పేరు బ్రిగ్గెన్. నార్వే భాషలో ఆ మాటకు అర్థం రేవుగట్టు. ఫొటో అయ్యాక అక్కడి దుకాణాల్లో ఒక ఫ్రిజ్ మ్యాగ్నెటో, ఉన్ని టోపీయో కొంటారు. స్వెట్టర్ ధర చూసి మళ్లీ మడతపెట్టి అక్కడే పెట్టేస్తారు. ఫ్లోయెన్ కొండ మీదకు రైలెక్కి దిగి వస్తారు. సగం రోజులో ఊరు అయిపోయిందనిపిస్తుంది.

నాకూ మొదటిసారి అలాగే అనిపించింది. రెండోసారి వెళ్లినప్పుడు అర్థమైంది, చూడాల్సినవి ఒక జాబితా, కొనాల్సినవి ఇంకో జాబితా అని వేరు చేసి పెట్టుకోవడమే నేను చేసిన పొరపాటని. బ్రిగ్గెన్ మొదటి నుంచీ అంగడే. ఆ ఇళ్ల ఆకారం, సందుల ఇరుకు, గోడల వాలు అన్నీ వ్యాపారం వల్ల వచ్చినవే. ఆ వ్యాపారం ఏమిటో తెలిస్తే ఏ గోడ దగ్గర ఆగాలో తెలుస్తుంది. ఏ దుకాణంలో డబ్బు పెట్టొచ్చో కూడా తెలుస్తుంది.

ఉప్పు వేయని ఎండు చేప

ఆ వ్యాపారం ఎండు చేపలది. మన కోస్తాలో ఎండు చేపలు తెలియనివాళ్లు ఉండరు. నెత్తళ్లలాంటి చిన్నవాటిని ఇసుక మీద పరిచి ఎండబెడతారు, పెద్ద చేపలకైతే ఉప్పు పట్టిస్తారు. మన ఎండలో, మన తేమలో ఉప్పు లేకపోతే పెద్ద చేప ఎండేలోపే పాడవుతుంది. నార్వే ఉత్తరాన లోఫోటెన్ దీవుల్లో మాత్రం ఉప్పు అవసరం లేదు. చలికాలం చివర, జనవరి నుంచి ఏప్రిల్ దాకా, కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి ఉత్తర సముద్రాల నుంచి ఆ దీవుల దగ్గరికి గుంపులుగా వస్తాయి. పట్టిన చేపల తలలు తీసి, తోకల దగ్గర జంటలుగా కట్టి, చెక్క పందిళ్ల మీద వేలాడదీస్తారు. ఆ నెలల్లో అక్కడి వేడి సున్నా డిగ్రీలకు అటూ ఇటూ ఊగుతుంటుంది. గడ్డకట్టి కండ పగిలేంత చలి ఉండదు, కుళ్లేంత వేడీ ఉండదు. ఈగలు ఇంకా రావు. సముద్రపు గాలి ఆగదు. వేసవి మొదలయ్యేసరికి చేప బరువులో దాదాపు 80 శాతం నీరు పోయి కట్టెలా తయారవుతుంది. అలా ఎండినది ఏళ్ల తరబడి చెడదు. దీన్ని అక్కడ తోర్‌ఫిస్క్ అంటారు, అంటే ఎండిన చేప.

ఫ్రిజ్ లేని కాలంలో బరువు తక్కువగా ఉండి, ఏళ్లు నిలిచి, ఓడలో కట్టెల్లా పేర్చుకోగలిగే మాంసకృత్తులు అంటే బంగారమే. పైగా అప్పటి పశ్చిమ యూరప్ అంతా కాథలిక్కులు. శుక్రవారాలు, ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు మాంసం ముట్టకూడదు, చేప తినొచ్చు. ఏడాదిలో అలాంటి రోజులు చాలానే. ఇక నార్వే వైపు చూస్తే అక్కడ చేపలున్నాయి గానీ ధాన్యం చాలదు. కొండలు, రాళ్లు, పొట్టి వేసవి. బాల్టిక్ తీరపు రై ధాన్యం ఇటు రావాలి, నార్వే చేప అటు పోవాలి. ఈ మారకం జరిగిన చోటే బెర్గెన్.

ఈ మారకాన్ని చేతిలో పెట్టుకున్నది హాన్సా అనే జర్మన్ వర్తక నగరాల కూటమి. ల్యూబెక్ నగరం దానికి పెద్ద. 1360 ప్రాంతంలో బెర్గెన్‌లో వాళ్లు తమ వ్యాపార కేంద్రాన్ని, అంటే కొంటోర్‌ను పెట్టుకున్నారు. హాన్సాకు ఇలాంటి పెద్ద కేంద్రాలు నాలుగే: లండన్, బ్రూజ్, నొవ్‌గొరోద్, బెర్గెన్. బెర్గెన్ కొంటోర్ ముద్ర చూస్తే ఆ ఊరి చరిత్ర అంతా అందులోనే కనిపిస్తుంది. సగం రెండు తలల డేగ, ఇంకో సగం కిరీటం పెట్టుకున్న ఎండు చేప. చేపకు కిరీటం పెట్టిన ముద్రను నేను ఇంకెక్కడా చూడలేదు.

వ్యాపారం నడిచిన తీరు మన షావుకారు పద్దులాంటిదే. ఉత్తరాది జాలర్లు ఎండు చేపలు నింపుకుని పడవల్లో బెర్గెన్‌కు దిగేవాళ్లు. వర్తకుడు వాళ్లకు ధాన్యం, వలల సామాను, బట్టలు అరువు ఇచ్చేవాడు. బాకీ పద్దులో ఎక్కేది. బాకీ ఉన్నంత కాలం చేపలు అదే వర్తకుడికి పోయాలి. చాలాసార్లు ఆ బాకీ తండ్రి నుంచి కొడుకుకు వచ్చేది. అయితే చేపలు పడని ఏడాది కూడా ధాన్యం ఇచ్చి జాలరి కుటుంబాన్ని నిలబెట్టాల్సిన బాధ్యత వర్తకుడి మీదే ఉండేది. అందుకే దీన్ని నేను ఒక్క మాటలో దోపిడీ అనలేను, దయ అని అంతకన్నా అనలేను. నాలుగు వందల ఏళ్లు ఆ పద్దు నడిచింది. కొంటోర్ 1754లో మూతపడింది. ఆ తర్వాతా అదే ఇళ్లలో, అదే పద్ధతిలో నార్వే వర్తకులు చేపల వ్యాపారం చేశారు.

హాన్సా వర్తకులు మంచి పొరుగువాళ్లుగా ఉన్నారని మాత్రం అనుకోవద్దు. 1455లో అక్కడి కోట అధిపతి ఒలావ్ నిల్సొన్‌తో గొడవ ముదిరి, తలదాచుకున్న మఠంలోనే అతన్ని చంపారు. అడ్డుపడిన బిషప్‌నూ వదల్లేదు.

సందులోకి వెళ్లాక

ఇదంతా తెలుసుకుని బ్రిగ్గెన్ ముందు నిలబడితే ఇళ్లు వేరేలా కనిపిస్తాయి. రేవు వైపు కనిపించే రంగుల ముఖం సన్నగా ఉంటుంది, ఎందుకంటే గట్టు మీద ఒక్కో అడుగూ ఖరీదు. ఓడ ఆగేది అక్కడే. అందుకే ఇల్లు పక్కకు పెరగకుండా వెనక్కి పెరిగింది. రెండు వరసల మధ్య ఒక సందు. సందులో చెక్క పలకలు పరిచిన నేల. పైన ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు వసారాలు, బయటి మెట్లు. తల ఎత్తితే బస్తాలు పైకి లాగడానికి పెట్టిన తలుపులు కనిపిస్తాయి. ఈ సందును, దాని పక్కనున్న ఇళ్లను కలిపి గోర్డ్ అంటారు. బెల్‌గోర్డెన్, బ్రెడ్స్‌గోర్డెన్ లాంటి పేర్లన్నీ అవే. వెనక్కి పోతే మందపాటి రాతి గోడల గదులు ఉంటాయి. విలువైన సరుకు అక్కడ దాచేవాళ్లు, నిప్పు భయంతో.

నిప్పు అన్న మాట దగ్గర ఆగాలి. చెక్క ఇళ్లు, ఎండిన సరుకు, చేప నూనె, ఇరుకు సందులు. కాబట్టి ఇళ్లలో పొయ్యి వెలిగించకూడదు, చలికి మంట వేసుకోకూడదు. భూమధ్యరేఖ నుంచి 60 డిగ్రీల పైన ఉన్న ఊళ్లో, చలికాలమంతా. పదిహేనేళ్ల వయసుకు జర్మనీ నుంచి పనికి వచ్చిన కుర్రాళ్లు అలమరాల్లాంటి చెక్క పెట్టె మంచాల్లో, తలుపు మూసుకుని, ఒకరి వేడికి ఒకరు పడుకునేవాళ్లు. పెళ్లి చేసుకోకూడదు, ఊరి ఆడవాళ్లతో సంబంధం పెట్టుకోకూడదు. కొత్తగా వచ్చినవాళ్లను పెద్దవాళ్లు ఏడిపించే ఆటలు దారుణంగా ఉండేవి. ఒక ఆటలో కుర్రాణ్ణి తాడుతో పొగగొట్టంలోకి లాగి, కింద పొగ పెట్టేవాళ్లు.

వెచ్చదనం దొరికేది ఒక్క చోటే. ఇళ్ల వెనక, విడిగా కట్టిన సభా గదుల్లో. వాటిని షోట్‌స్టువెనె అంటారు. వంట అక్కడే, భోజనం అక్కడే, చదువు, శిక్ష, పండగ అన్నీ అక్కడే. ఆ గదులు ఇప్పుడు మ్యూజియంగా ఉన్నాయి, మారియా చర్చి పక్కనే. రేవు దగ్గరి గుంపులో చాలామంది అక్కడి దాకా రారు. బెర్గెన్‌లో ఒకే ఒక్క టికెట్ కొనగలిగితే ఇది కొనమంటాను. పొడుగు బల్లలు, మసి పట్టిన దూలాలు చూస్తే, ఆ కుర్రాళ్లు చలికాలమంతా రోజులో ఏ గంట కోసం ఎదురుచూసేవాళ్లో అర్థమవుతుంది. రేవు మొదట్లో ఉన్న ఫిన్నెగోర్డెన్ అనే ఇల్లు 1872 నుంచి హాన్సా మ్యూజియం. అది 2018లో మరమ్మతుల కోసం మూసేశారు, పని ఏళ్ల తరబడి సాగేది. తెరిచారో లేదో చూసుకుని బయల్దేరండి.

ఇంత జాగ్రత్త పడ్డా ఊరు కాలుతూనే వచ్చింది. 1702లో బ్రిగ్గెన్‌తో సహా ఊరు చాలా భాగం బూడిదైంది. మనం ఇప్పుడు చూస్తున్నవి ఆ మంటల తర్వాత కట్టినవి. మరి వీటిని మధ్యయుగపు ఇళ్లు అనొచ్చా? చాలామందికి వచ్చే సందేహమే ఇది. కర్ర మధ్యయుగానిది కాదు, పాదు ఆనాటిదే. కాలిన ప్రతిసారీ పాత పునాదుల మీదే, పాత కొలతల్లోనే, పాత పద్ధతిలోనే కట్టుకుంటూ వచ్చారు. ఎవరి వాటా ఎంత అన్నది ఆ గీతల్లోనే ఉంది మరి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సగం వరసను కూలగొట్టి ఇటుక మేడలు కట్టారు. నీళ్ల వైపు నుంచి ఇళ్లను చూస్తే కుడి పక్కన కనిపించే గంభీరమైన కట్టడాలు అవే. 1955లో మళ్లీ మంటలు లేచి మిగిలినదాంట్లో కొంత పోయింది. ఇప్పుడు నిలిచినవి అరవై చిల్లర ఇళ్లు. 1979లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఊరి నడిబొడ్డున టోర్గ్‌అల్మెన్నింగెన్ అనే విశాలమైన వీధి చూసి, ఇంత ఇరుకు ఊళ్లో ఇంత ఖాళీ ఎందుకు వదిలారో అనుకుంటాం. అది షాపింగ్ కోసం వదిలింది కాదు. నిప్పు ఒక పేట నుంచి ఇంకో పేటకు దూకకుండా ఉండటానికి ఇలాంటి వెడల్పాటి ఖాళీలను ఊరంతా వదిలారు. 1916 అగ్నిప్రమాదం తర్వాత దీన్ని ఇప్పుడున్న రూపంలో కట్టారు. ఇప్పుడు పెద్ద దుకాణాలన్నీ దాని చుట్టూనే.

వాలిన గోడలు, కింద ఉన్న నీరు

సందులో నడుస్తుంటే గోడలు ఒకదాని మీదకు ఒకటి ఒరిగినట్టు, కిటికీలు వంకర పోయినట్టు కనిపిస్తాయి. పాతబడి ఒరిగాయనుకుంటాం. అసలు సంగతి నేల కింద ఉంది. శతాబ్దాల పాటు రేవును సముద్రంలోకి జరుపుకుంటూ వచ్చారు. దుంగలతో పెట్టెల్లాంటి చట్రాలు కట్టి, రాళ్లు, చెత్త, కాలిన ఇళ్ల శిథిలాలు నింపి, దాని మీద కొత్త ఇల్లు. అంటే బ్రిగ్గెన్ నిలబడింది కర్ర మీద, పాత చెత్త మీద. కర్ర పూర్తిగా నీళ్లలో మునిగి ఉన్నంత కాలం గాలి తగలదు, గాలి తగలకపోతే కుళ్లదు. నీటిమట్టం దిగిందంటే మాత్రం కుళ్లు మొదలవుతుంది, నేల కుంగుతుంది, పైన ఇల్లు ఒరుగుతుంది.

1955లో కాలిన చోట తర్వాతి కాలంలో ఒక హోటల్ కట్టినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. దాని పునాది చుట్టూ నీరు తోడటం వల్ల పక్కనున్న పాత ఇళ్ల కింద నీటిమట్టం పడిపోయింది. దాన్ని గుర్తించాక వాన నీటిని కాలువల్లోకి పంపేయకుండా నేలలోకి ఇంకేలా ఏర్పాట్లు చేశారు. గులకరాళ్ల గుంటలు, గడ్డి వేసిన పల్లాలు, ఇంకుడు తవ్వకాలు. మన ఊళ్లలో ఇంకుడు గుంతలు తవ్వేది తాగే నీళ్ల కోసం, అక్కడ తవ్వింది పాత ఇళ్లు నిలబడటం కోసం. బెర్గెన్‌లో ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. హైదరాబాద్‌లో పడేదానికి రెండు రెట్లు ఎక్కువే. పర్యాటకులంతా తిట్టుకునే ఆ వానే ఇళ్ల కింది కర్రను కాపాడుతోంది. గొడుగు గాలికి నిలవదు కాబట్టి మంచి రెయిన్‌కోటు మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్లండి. అక్కడ కొంటే ఖరీదు.

1955 మంటలు ఒక మేలూ చేశాయి. కాలిన నేలను పురావస్తు శాస్త్రవేత్త అస్బ్యోర్న్ హెర్తేగ్ ఆధ్వర్యంలో ఏళ్ల తరబడి తవ్వారు. దాదాపు 670 రూనిక్ రాతలు, అంటే ఉత్తర యూరప్ పాత లిపిలో రాసినవి, దొరికాయి. రూన్‌లంటే రాతి స్తంభాల మీద రాజుల పేర్లు చెక్కే అక్షరాలని అప్పటిదాకా ఎక్కువమంది అనుకునేవాళ్లు. ఇక్కడ దొరికినవి పుల్లల మీద కత్తితో గీసిన మామూలు మాటలు. ఒక చివర గాటు పెట్టి, సరుకు మూటకు కట్టడానికి చేసిన చీటీలు బోలెడు. ఫలానావాడిది ఈ మూట అని, అంతే. ఒక పుల్ల మీద, "గ్యూదా చెబుతోంది, నువ్వు ఇంటికి వెళ్లు" అని ఉంది. తాగుతూ కూర్చున్న మనిషికి ఇంటి నుంచి వచ్చిన కబురని చాలామంది ఊహ. ఎనిమిది వందల ఏళ్ల నాటి ఆ కబురు ఇంకా వేడిగానే ఉంది. తవ్విన చోటే 1976లో తెరిచిన బ్రిగ్గెన్స్ మ్యూజియంలో ఈ రాతల గురించి చూడొచ్చు.

రేవు చివరనున్న హోకొన్ హాల్ రాజుల కాలపు రాతి కట్టడం. 1261లో రాజకుమారుడి పెళ్లి విందు జరిగింది అందులోనే. 1944 ఏప్రిల్ 20న రేవులో మందుగుండు నింపిన ఓడ పేలి, ఆ హాలూ పక్కనున్న రోసెన్‌క్రాంట్స్ బురుజూ బాగా దెబ్బతిన్నాయి, తర్వాత మళ్లీ కట్టారు. ఫ్లోయెన్ కొండ రైలు 1918 నుంచి నడుస్తోంది, పైన 320 మీటర్ల ఎత్తు. ఎక్కేటప్పుడు రైలులో వెళ్లి, దిగేటప్పుడు అడవి దారిలో నడిచి రండి. టికెట్ సగం అవుతుంది, ఊరు మెల్లగా దగ్గరవుతూ కనిపిస్తుంది.

ఇంకో చోటు గురించి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. కుష్ఠువ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని 1873లో కనిపెట్టిన ఆర్మావర్ హాన్సెన్ బెర్గెన్ వైద్యుడే. డిచ్‌పల్లి, సాలూరు ఆసుపత్రుల్లో తరాలుగా వైద్యం చేసిన జబ్బుకు ఇప్పుడు వాడే హాన్సెన్ వ్యాధి అన్న పేరు అక్కడి నుంచి వచ్చిందే. అది వంశపారంపర్యం అనుకుంటున్న రోజుల్లో, కాదు, అంటుతుంది అని చూపించాడు. అదే మనిషి తన వాదన నిరూపించుకోవాలని ఒక రోగి అనుమతి లేకుండా ఆమె కంటికి వ్యాధి పదార్థం ఎక్కించే ప్రయత్నం చేశాడు. 1880లో కోర్టు ఆయన్ని ఆసుపత్రి పదవి నుంచి తీసేసింది. సెయింట్ యోర్గెన్ కుష్ఠు ఆసుపత్రి చెక్క భవనం ఊరి మధ్యలోనే ఉంది. అక్కడి చివరి ఇద్దరు రోగులు 1946లో చనిపోయారు. చిన్న చిన్న గదులు, ఒక్కో గదిలో ఇద్దరు. బ్రిగ్గెన్ కంటే ఆ గదులే నాకు ఎక్కువ కాలం గుర్తున్నాయి.

స్వెట్టర్ లెక్క

ఇక కొనుగోళ్లు. నార్వేలో కొనదగ్గది ఏమిటంటే ముందు ఉన్నే. బెర్గెన్ దగ్గరే డాలె అనే ఊళ్లో 1879 నుంచి ఉన్ని మిల్లు ఉంది. చుట్టుపక్కల ఇంకా ఒకటి రెండు మిల్లులు నడుస్తున్నాయి. వాటికి అనుబంధంగా ఫ్యాక్టరీ దుకాణాలు ఉంటే అక్కడ ధర కొంత తక్కువ పడుతుంది.

దుకాణంలో కనిపించే డిజైన్లకు ఒక్కోదానికి ఒక్కో ఊరు ఉంది. నల్ల ఉన్ని మీద తెల్ల చుక్కలున్నది లూసెకోఫ్తె. ఆ మాటకు అర్థం పేల కోటు, ఆ చుక్కల వల్లే ఆ పేరు. అది దక్షిణాన సేటెస్‌డాల్ లోయది. ఎనిమిది రేకుల నక్షత్రంలాంటి పువ్వున్న చేతి తొడుగులు సెల్బు అనే ఊరివి. 1857లో మారిత్ ఎమ్‌స్టాడ్ అనే అమ్మాయి అల్లినవాటితో ఆ వాడుక మొదలైంది. నీలం, ఎరుపు, తెలుపు కలిసిన మారియుస్ డిజైన్ 1953 నాటిది, ఉన్ సోయ్‌లాండ్ రూపొందించింది. అంటే అందరూ ప్రాచీనం అనుకునే ఆ స్వెట్టర్ వయసు డెబ్బై చిల్లర ఏళ్లే. అయినా దాని అందానికి లోటేమీ లేదు, ప్రాచీనం అన్న మాటకు అదనంగా డబ్బు ఇవ్వకండి, అంతే.

మోసపోయేది చీటీ దగ్గర. "నార్వే డిజైన్" అని ఉంటే గీసింది నార్వేలో అని అర్థం. అల్లింది ఏ దేశంలోనైనా కావచ్చు. "మేడ్ ఇన్ నార్వే" అని విడిగా రాసి ఉందో లేదో లోపలి చీటీలో చూడాలి. తర్వాత స్వెట్టర్‌ను తిరగేసి లోపలి వైపు చూడండి. రెండు రంగుల అల్లికలో వాడని రంగు దారం వెనక నుంచి పోతుంది. ఆ దారాలు పొట్టిగా, సమంగా, వదులుగా వేలాడకుండా ఉండాలి. వేలు పెట్టి చూస్తే చిక్కుకునేంత పొడుగు దారాలు ఉంటే నాలుగు ఉతుకులకు లాగుడు పడుతుంది. నూటికి నూరు ఉన్నేనా, యాక్రిలిక్ కలిసిందా అన్నదీ ఆ చీటీలోనే ఉంటుంది. నార్వే గొర్రెల ఉన్ని కాస్త గరుకు, గుచ్చుతుంది, కానీ ఏళ్లు నిలుస్తుంది. మెరినో జాతి గొర్రెల ఉన్ని మెత్తగా ఉంటుంది. చర్మానికి తగిలేలా వేసుకునేదైతే మెరినో తీసుకోండి, పైన కోటులా వేసుకునేదైతే గరుకుదే మేలు. హైదరాబాద్, విజయవాడల్లో దాన్ని ఎన్ని రోజులు వేసుకుంటారన్నది కూడా ఆలోచించుకోవాలి. తొడుగులు, సాక్సులు, మఫ్లరు అయితే ఆ ఊరి పనితనం చిన్న ధరకే చేతికొస్తుంది.

ధరలో పన్ను ఎంత అన్నదాని మీద చాలా గందరగోళం ఉంది. మామూలు వస్తువుల మీద పన్ను 25 శాతం. దుకాణంలో కొన్న తిండి మీద 15 శాతం. కూర్చుని తినే హోటల్లో మళ్లీ 25. వస్తువు మీద రాసిన ధరలో పన్ను కలిసే ఉంటుంది. బయటి దేశాలవాళ్లకు ఆ పన్ను వెనక్కి వస్తుందని విని, ధరలో నాలుగో వంతు తిరిగొస్తుందని లెక్కేసుకుంటాం. రాదు. 2,500 క్రోన్ల స్వెట్టర్ అనుకోండి. అందులో అసలు ధర 2,000, పన్ను 500. అంటే ఇచ్చినదాంట్లో పన్ను అయిదో వంతే. ఆ 500లో కూడా ఈ పని చేసిపెట్టే ప్రైవేటు సంస్థ తన రుసుము పట్టుకుంటుంది. చేతికొచ్చేది బిల్లులో 12 నుంచి 19 శాతం మధ్య. వస్తువు కనీసం 315 క్రోన్లదై ఉండాలి, వాడకుండా దేశం దాటించాలి.

ఇది ఎవరికి వర్తిస్తుందన్నది పాస్‌పోర్టును బట్టి కాదు, నివాసాన్ని బట్టి. స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్‌లలో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లకు ఇండియా పాస్‌పోర్టు ఉన్నా రాదు. జర్మనీలో ఉండేవాళ్లకు వస్తుంది. ఇంకో చిక్కు ఉంది, నేను దెబ్బతిన్నది దాంట్లోనే. యూరోపియన్ యూనియన్ దేశాల్లో కొంటే ఆ యూనియన్‌ను వదిలే చివరి విమానాశ్రయంలో ఈ పని చేయించుకోవచ్చు. నార్వే ఆ యూనియన్‌లో లేదు. నేను అదే అలవాటు మీద, మధ్యలో విమానం మారే చోట చూసుకుందాంలే అనుకున్నాను. అక్కడి కౌంటర్‌లో నార్వే పన్ను వాపసు కాగితం చూసి, ఇది ఇక్కడ చెల్లదన్నారు. నార్వే దాటకముందే, అక్కడి విమానాశ్రయంలో ఉన్న కౌంటర్‌లో వస్తువు, కాగితం, పాస్‌పోర్టు చూపించి పూర్తిచేసుకోవాలి. కాబట్టి ఆ స్వెట్టర్‌ను పెద్ద పెట్టె అడుగున పెట్టి చెకిన్ చేసేయకండి. చేతిసంచిలో ఉంచుకోండి.

ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూత. ఇది అలవాటు కాదు, చట్టం. 100 చదరపు మీటర్ల లోపు చిన్న కిరాణా కొట్లకు, పర్యాటకుల ప్రాంతాలకు మినహాయింపు. కొన్ని పెద్ద కిరాణా దుకాణాల పక్కన చిన్న అగ్గిపెట్టెలాంటి కొట్టు ఆదివారం తెరిచి ఉండటం చూస్తే, ఆ కొలత వల్లేనని గుర్తుంచుకోండి. ఆల్కహాల్ 4.7 శాతం దాటిన మద్యం కొని తీసుకెళ్లాలంటే విన్‌మొనొపోలె అనే ప్రభుత్వ దుకాణంలోనే దొరుకుతుంది, ఆదివారం అదీ ఉండదు.

చేపల బజారులో, బజారు బయట

రేవు మూలన ఉన్న చేపల బజారు చూడటానికి బాగుంటుంది. ఎర్రటి పీతలు, సాల్మన్ తునకలు, ఐసు మీద పేర్చిన రొయ్యలు. తినడానికి కూర్చునే ముందు ధర చీటీలో "కె.జి." అని ఉందా, "హెచ్.జి." అని ఉందా చూడండి. రెండోది వంద గ్రాములు. చీటీలో కనిపించే అంకె చిన్నదే, కానీ అది పదో వంతు బరువుకి. పీత కాళ్లు నాలుగు పళ్లెంలో పెట్టించుకుని బిల్లు చూసి నోట మాట రానివాళ్లను చూశాను. ఊళ్లోవాళ్లు రోజువారీ చేపలు అక్కడ కొనరు, మామూలు కిరాణా దుకాణాల్లోనే కొంటారు. చేపల కేకులు అక్కడ చౌక, వేడి చేసుకుంటే చాలు. మంచినీళ్ల సీసా కొనాల్సిన పనే లేదు, కుళాయి నీళ్లు బాగుంటాయి. ఏదైనా డ్రింక్ కొంటే సీసాకు 2 లేదా 3 క్రోన్లు డిపాజిట్ పట్టుకుంటారు. ఖాళీ సీసాను దుకాణంలోని యంత్రంలో వేస్తే చీటీ వస్తుంది, అది చూపిస్తే డబ్బు వెనక్కి.

బజారులో తిమింగలం మాంసం కూడా అమ్ముతారు. అక్కడ అది చట్టబద్ధమే, దేశం దాటించడం మాత్రం అంతర్జాతీయ నిబంధనల ప్రకారం నేరం. సావనీరు కదా అని సంచిలో వేసుకోవద్దు.

ఇంటికి తేదగ్గ తిండి గోధుమ రంగు జున్ను, బ్రూనోస్ట్. పాలు విరిచాక మిగిలే తేటకు మీగడ చేర్చి, పాలలోని చక్కెర రంగు మారేదాకా గంటల తరబడి కాచి చేస్తారు. నోట్లో పెట్టుకోగానే మనవాళ్లకు గుర్తొచ్చేది పాలకోవాయే, చివర చిన్న ఉప్పదనంతో. దాన్ని పల్చగా కోయడానికి వాడే జున్ను కత్తి కూడా నార్వేవాళ్లదే, 1925లో థోర్ బ్యోర్క్‌లుండ్ అనే వడ్రంగి తన చిత్రిక చూసి తయారుచేశాడు. చిన్నది, తేలికైనది, జీవితాంతం పనికొస్తుంది. చెకిన్ సామానులోనే పెట్టాలి.

ఇక అసలు సరుకు. తోర్‌ఫిస్క్ ఇప్పటికీ ఎగుమతి అవుతూనే ఉంది. మంచి రకాలు ఇటలీకి పోతాయి, చాలా సరుకు నైజీరియాకు పోతుంది. వాసన చూసి, కండ నొక్కి, దాదాపు ఇరవై రకాలుగా వేరుచేసే నిపుణులు ఇంకా ఉన్నారు. పూర్తి చేపను కొంటే వండే ముందు రోజుల తరబడి నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. ఇంట్లో అంత ఓపిక లేకపోతే, సుత్తితో దంచి పీచులా చేసిన పొట్లాలు దొరుకుతాయి. చిరుతిండిలా అలాగే నమిలేది. మా అమ్మమ్మది సముద్రం ఒడ్డు ఊరు. తెచ్చిన పొట్లం విప్పి ఒక ముక్క నోట్లో వేసుకుని, ఉప్పు లేకుండా ఇది ఎలా నిలిచిందిరా అని మొదట అడిగింది. గాలికే అంటే నమ్మలేదు. ఇంకో ముక్క తీసుకుంది.

సాయంత్రం పెద్ద ఓడలు కదిలాక, దుకాణాలు మూసే వేళకు బ్రిగ్గెన్ సందులు ఖాళీ అవుతాయి. పగలంతా చూసినవి పక్కనపెట్టి ఆ వేళకు బెల్‌గోర్డెన్‌లోకి ఒకసారి వెళ్లండి. తారు, తడి కర్ర కలిసిన వాసన వస్తుంది. పాత పద్ధతిలో గొడ్డలితో చెక్కి వేసిన కొత్త దూలం పాత దూలాల మధ్య తెల్లగా కనబడుతుంది. వసారా చూరు నుంచి వాన చుక్కలు పలకల మీద పడి, సందుల్లోంచి కిందికి దిగుతుంటాయి.